ముప్పై రెండు దెబ్బలు

పోయిన నెల ఒక ఆదివారం దేవరకొండ నుంచి మా అక్క ఫోన్ చేసింది. మేనల్లుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాడు. స్నేహితుడితో కలిసి డీజే సెట్ కొంటానని ఇంట్లో పట్టుబట్టాడట. వాడి వాటా రెండున్నర లక్షలు. "నీ మాటైతే వింటడు తమ్మీ, జెర సమజయ్యేటట్టు చెప్పు" అంది. అంటే వద్దని చెప్పమని. సరే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. తొమ్మిదేళ్లు ఆ పని మీద బతికిన మనిషిని నేను. అదే పని వద్దని ఆ పిల్లవాడికి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

వారం తిరక్కముందే వాడే నల్గొండ వచ్చాడు. నా ఇన్వర్టర్ల షాపులో కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఫోన్లో ఫొటోలు చూపించాడు. డీసీఎం వ్యాన్ మీద వరుసగా పేర్చిన నల్లటి పెట్టెలు, పైన లైట్లు, ముందు పేరు మెరిసే బోర్డు. లోతు చప్పుడుకు ఎనిమిది బేస్‌ పెట్టెలు, సన్న చప్పుడుకు నాలుగు టాప్‌లు, జనరేటర్ వేరే. అన్నీ వివరంగా చెప్పి, "నువ్వు డీజే కొట్టినప్పుడు నీకెన్ని బేస్‌లుండె మామా?" అని అడిగాడు.

"మొదట్ల రెండు. ఆఖర్ల ఆరు. రెండున్నప్పుడే మంచిగ కొట్టిన" అన్నాను.

వాడు నమ్మలేదు. రెండు పెట్టెలతో జనం ఎట్లా ఎగురుతారని వాడి అనుమానం. దానికి అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచీ ఆ జవాబు నాలో నలుగుతూనే ఉంది.

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. డీజే పని మంచి పని. చెయ్యీ చెవీ కలిసి నేర్చుకోవాల్సిన విద్య అది. మన దగ్గర అది వాయించే మనిషి చేతిలోంచి జారి పెట్టెలు కిరాయికిచ్చే మనిషి చేతిలో పడింది. ఆ జారిపోవడంలో నా పాత్ర కూడా ఉంది. అందుకే రాస్తున్నాను.

రెండు మగ్గాల ఇల్లు

మాది చండూరు దగ్గర గట్టుప్పల్. నేత పని చేసే ఇల్లు. ముందు గదిలో నాన్న మగ్గం, పక్క గదిలో చిన్నాయన మగ్గం. పోగును మోసే నాడె అటు పోయిన చప్పుడు, ఆ వెంటనే పోగును బిగించే దెబ్బ. నాన్నది కాస్త నిదానం, చిన్నాయన చెయ్యి ఒక్క పిసరు వేగం. రెండు గోడల అవతల పడుకుని వింటుంటే రెండు దెబ్బలూ వేర్వేరుగా మొదలయ్యేవి. తర్వాత చిన్నాయన దెబ్బ కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చి నాన్న దెబ్బను అందుకునేది. ఒక నాలుగైదు దెబ్బలు రెండూ ఒకటే అయ్యేవి. ఇంట్లో ఒకే మగ్గం నడుస్తున్నట్టుండేది. మళ్లీ విడిపోయేవి. జ్వరం వచ్చి బడికి పోని రోజుల్లో నేను చేసిన పనల్లా అవి ఎప్పుడు కలుస్తాయా అని కాచుకోవడమే.

ఇరవై ఒక్క ఏళ్లకు హైదరాబాద్‌లో ఒక బొంబాయి డీజే నా చెవికి హెడ్‌ఫోన్ పెట్టి "ఈ రెండు పాటల బీట్లు కలవడం లేదు, వినిపిస్తోందా?" అన్నప్పుడు నాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. చిన్నాయన మగ్గం ముందుకు జరుగుతోంది, అంతే.

నేను డీజేగా నేర్చుకున్నది హౌస్ మ్యూజిక్, ఒకే దెబ్బ ఆగకుండా సాగే డాన్స్ సంగీతం. అది మన గాలికి పుట్టింది కాదని అనేవాళ్లకు నా మొదటి జవాబు ఇదే. అది షికాగోలో పుట్టింది, నిజం. నా చెవి మాత్రం గట్టుప్పల్‌లోనే దానికి సిద్ధమైంది.

క్యాసెట్ షాపు

2001 నుంచి మూడేళ్లు నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఒక క్యాసెట్ షాపులో పనిచేశాను. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి షాపు. అప్పట్లో రికార్డింగ్ పెద్ద గిరాకీ. ఎవరికి కావాల్సిన పాటల లిస్టు వాళ్లు చీటీ మీద రాసుకొచ్చేవారు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలు. ఏ పాట ఎన్ని నిమిషాలో కూడుకుని, చివరి పాట మధ్యలో తెగకుండా, ఖాళీ టేపు ఎక్కువ మిగలకుండా సర్దాలి. కొందరు చీటీలో ఏడుపు పాట పక్కనే ఎగిరే పాట రాసేవారు. నేను వాటి వరుస మార్చి ఇచ్చేవాణ్ని. మొదట్లో షాపు అన్న కోప్పడ్డాడు. తర్వాత జనం "ఆ పిలగాడితోనే చేయించు" అని అడగడం మొదలుపెట్టాక ఊరుకున్నాడు.

ఒకరోజు సెలవుకు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అన్న ఒక సీడీ తెచ్చి క్యాసెట్‌లోకి ఎక్కించమన్నాడు. పెట్టాను. ధప్, ధప్, ధప్, ధప్. నిమిషం దాకా అదే. మాట లేదు, పాట లేదు. సీడీ పాడైందని షాపు అన్న ఆపబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ ధప్పుల మధ్య సన్నగా ఒక తాళం మొదలైంది. తర్వాత చప్పట్లు వచ్చాయి. అడుగునుంచి బేస్ లేచింది. ఎప్పుడో రెండో నిమిషంలో ఒక ఆడ గొంతు ఒకే ఒక్క మాట పాడి వెళ్లిపోయింది. పాట పొడుగు ఏడు నిమిషాలు దాటింది.

ఆ మొదటి నిమిషం ఎందుకుందో చాలా రోజుల తర్వాత అర్థమైంది. అది శ్రోత కోసం పెట్టింది కాదు, డీజే కోసం. ముందు పాట తోక మీద ఈ పాట తలను ఆనించడానికి వదిలిన చోటు అది. ఇంకొక మనిషి చేతికి జాగా వదిలిపెట్టి చేసిన పాటను నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మెట్ల మీద పాఠాలు

2004లో హైదరాబాద్‌లో ఒక పబ్బులో సహాయకుడిగా చేరాను. సీడీల పెట్టెలు మోయడం, వైర్లు చుట్టడం నా పని. శుక్రవారం సాయంత్రం నల్గొండలో బస్సెక్కితే దాదాపు నూరు కిలోమీటర్లు. ఆదివారం తెల్లవారుజామున మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో మొదటి బస్సు పట్టుకుని తిరుగు ప్రయాణం. అక్కడి డీజే బొంబాయి మనిషి. మధ్యాహ్నం పబ్బు కడుగుతున్నప్పుడు నాకు నేర్పేవాడు. ఎనిమిది నెలలు పట్టింది.

నేర్పింది చెప్పుకుంటే కొంచెమే. ఒక పాట జనానికి వినిపిస్తుంటుంది, రెండోది నీ ఒక్క చెవికి హెడ్‌ఫోన్‌లో. పక్కనున్న పిచ్ మీటతో రెండో పాట వేగాన్ని మొదటి పాట వేగానికి తేవాలి. పాత టెక్నిక్స్ రికార్డు ప్లేయర్లలో ఆ మీట అటు ఎనిమిది, ఇటు ఎనిమిది శాతం జరిగేది. నిమిషానికి 120 దెబ్బల పాటను దాదాపు 130 దాకా లాగొచ్చు, 110 దాకా దించొచ్చు. వేగం కుదిరాక దెబ్బ మీద దెబ్బ పడాలి. అదీ కుదిరాక బేస్ చూసుకోవాలి. రెండు పాటల బేస్‌లు ఒకేసారి పైకి ఉంటే అంతా బురదవుతుంది. కొత్త పాట బేస్ మూసి లోపలికి తెచ్చి, సరైన క్షణంలో పాతదాని బేస్ దించి దీనిది ఎత్తాలి. చెయ్యి తేలికగా ఉంటే పాట మారిందని ఆడేవాళ్లకు తెలియదు. కాళ్లు మాత్రం ఇంకొంచెం ఉషారవుతాయి.

ఆ సరైన క్షణం ఎప్పుడని అడిగితే లెక్క పెట్టమన్నాడు. హౌస్ పాట నాలుగు నాలుగుగా నడుస్తుంది. నాలుగు దెబ్బలు ఒక అడుగు అనుకుంటే, ఎనిమిది అడుగులకు, అంటే ముప్పై రెండు దెబ్బలకు, పాటలో ఏదో ఒకటి మారుతుంది. నిమిషానికి 124 దెబ్బల దగ్గర అది పదిహేనున్నర సెకన్లు. చేతులు కట్టుకుని నిలబడి చూడండి, పదిహేనున్నర సెకన్లు ఎంత పొడుగో తెలుస్తుంది. వేలు ఊరుకోదు. ఇరవయ్యో దెబ్బకే ఏదో ఒకటి నొక్కాలనిపిస్తుంది. ఆ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నది ఎక్కువగా నొక్కకుండా ఉండటమే.

షికాగో కథ కూడా పబ్బు వెనక మెట్ల మీదే ఆయన నోట విన్నాను. తర్వాత చదివి సరిచూసుకున్నాను. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్బు మొదలైంది. హౌస్ అన్న పేరు ఆ వేర్‌హౌస్ నుంచే వచ్చిందంటారు. ఫ్రాంకీ నకల్స్ అక్కడ డీజే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి గే యువకులు, బయట చాలాచోట్ల గడప దగ్గరే ఆగిపోవాల్సిన వాళ్లు. 1979 జులై 12న అదే ఊళ్లో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి జనం చూస్తుండగా పేల్చేశారు. డిస్కో వెనకబడింది. ఆ పాటలు వదలని వాళ్లు వాటినే టేపు మీద కోసి, అతికి, పొడిగించి వాయించుకున్నారు. కొత్త రికార్డులు తగ్గితే డ్రమ్ మెషిన్లు తెచ్చుకున్నారు. రోలాండ్ 909 అనే మెషిన్ 1983లో వచ్చి రెండేళ్లకే ఆగిపోయింది. అసలు డ్రమ్‌లా మోగడం లేదని ఎక్కువమంది కొనలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ మెషిన్ల మీదే డబ్బుల్లేని కుర్రాళ్లు ఈ సంగీతం కట్టారు.

మన దేశం సంగతి కూడా ఉంది. 1982లో బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు ఆ రోలాండ్ కంపెనీ వేరే మెషిన్ల మీద మన రాగాలు వాయించి ఒక రికార్డు వేశారు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. షికాగో వాళ్లు అలాంటి చప్పుడుతో మొదటి రికార్డు తెచ్చింది 1987లో. ఇది తెలిసిన రోజు నేను నిద్రపోలేదు.

నేను మొదటిసారి వాయించిన రాత్రి మంగళవారం. తొమ్మిది గంటలకు ఫ్లోర్ మీద నలుగురున్నారు. పదకొండున్నరకు నలభై మంది. వాళ్లు నన్ను చూడలేదు, నేనెవరో వాళ్లకు తెలియదు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాళ్లు చూడాలె

పబ్బులో రాత్రికి ఐదొందలు. నల్గొండలో ఒక పెండ్లికి ఐదారు వేలు. నాన్న కళ్లు అప్పటికే మసకబారాయి, మగ్గం దిగిపోయాడు. 2007లో ఇంటికి వచ్చేశాను. కోఠి గుజరాతీ గల్లీలో పాటలు కలిపే సెకండ్ హ్యాండ్ మిక్సర్, రెండు బేస్‌లు, రెండు టాప్‌లు కొని పెండ్లిళ్లకు తిరగడం మొదలుపెట్టాను.

పెండ్లిలో హౌస్ పెడితే ఏమవుతుందో మొదటి నెలలోనే తెలిసింది. నిమిషం గడవకుండానే "అన్నా, పాట పెట్టు" అని అరిచేవారు. వాళ్ల లెక్కలో అది ఇంకా పాటే కాదు. మన జనానికి మాట కావాలి. తీన్మార్ నడక వేరే. అది మూడు మూడుగా తరుముతుంది, నాలుగు సమాన అడుగుల్లో నిలబడదు. స్నేహితులు కూడా "గది పట్నం సంగీతంరా, మనోళ్లకు ఎక్కది" అన్నారు. చాలా కాలం ఆ మాట ఒప్పుకున్నాను. ఒక్కో పాట నలభై సెకన్లు వాయించి, అరుపు వినగానే ఇంకోటి మార్చేవాణ్ని. అలా నాలుగు గంటలు గడిపాక చేతులకంటే మనసు ఎక్కువ అలిసిపోయేది.

2009 మే నెలలో నకిరేకల్ వైపు ఒక ఊళ్లో బరాత్. సగం దారిలో జనరేటర్ ఆగిపోయింది. పెండ్లికొడుకు కారు చుట్టూ నూటాభై మంది చీకట్లో నిలబడ్డారు. సాయంత్రం ఎదురుకోళ్లకు వచ్చిన డప్పు మనుషులు ఆరుగురు ఓ పక్కన కూర్చుని అన్నం తింటున్నారు. ఎవరో పిలిస్తే చేతులు కడుక్కుని లేచారు. నాలుగు గడ్డి పరకలు అంటించి, ఆ సెగకు డప్పులు కాచుకున్నారు. తోలు బిగిసిందో లేదో పెద్దాయన వేలితో మీటి చూశాడు. ఒకసారి మీటి మళ్లీ సెగ చూపించాడు. రెండోసారి మీటి తల ఊపాడు. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సిటికెన పుల్ల. మొదలుపెట్టాడు.

దరువు ఒకటే. నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలు అదే దరువు. ఒక్క మనిషి "వేరేది కొట్టు" అనలేదు. దగ్గరికి పోయి చూస్తే అర్థమైంది, అది ఒక్కటే కాదు. కాసేపటికి ఒక దెబ్బ మింగేస్తాడు. ఆ ఖాళీలో జనం పాదం పడుతుంది. ఇంకాసేపటికి సిర్రతో తోలు మీద కాకుండా చెక్క అంచు మీద కొడతాడు. సన్నటి చప్పుడు పైకి వచ్చి లోతు తగ్గుతుంది. ఆడేవాళ్లు వంగుతారు. మళ్లీ తోలు మీద నిండుగా దెబ్బ పడగానే అందరూ ఒక్కసారి లేస్తారు. నేను బేస్ మూసి తెరిచేది ఇదే కదా. ఎనిమిది నెలలు బస్సుల్లో తిరిగి నేర్చుకున్నది మా జిల్లాలోనే ఈయన చేతిలో ఎప్పటినుంచో ఉంది.

తర్వాత ఆయన్ని అడిగాను, ఎప్పుడు మార్చాలో ఎట్లా తెలుస్తుందని. "మొకాలు చూస్తే ఏం తెలుస్తది బిడ్డా, కాళ్లు చూడాలె" అన్నాడు.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఆ పన్నెండో నిమిషంలో జనరేటర్ బాగైంది. పెండ్లికొడుకు మేనమామ "ఇగ డీజే పెట్టు" అన్నాడు. పెద్దాయన దరువు మధ్యలో ఉన్నాడు. ఆయన ముగించేదాకా ఆగొచ్చు. ఆగాలని నాకు ఎవరికన్నా బాగా తెలుసు. నేను ఆగలేదు. చప్పుడు పెంచే మీట, ఫేడర్, పైకి తోశాను. ఆయన చెయ్యి ఇంకా కదులుతూనే ఉంది, చప్పుడు మాత్రం వినపడలేదు. నాలుగు దెబ్బల తర్వాత చెయ్యి ఆపి డప్పు భుజానికి వేసుకున్నాడు. ఆ రాత్రి నాకు ఆరు వేలు. వాళ్లు ఆరుగురికి కలిపి పన్నెండు వందలు. డప్పు కొట్టే కులాన్ని ఊరు ఎక్కడ నిలబెట్టిందో ఇది చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వేర్‌హౌస్ కథ విని కళ్లనీళ్లు పెట్టుకున్న నేను, నా ముందున్న మనిషిని నా ఫేడర్‌తో మూసేశాను.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు ఒకే బాణీ మీద గంటసేపు తిరుగుతారు, ఎవరికీ విసుగు రాదు. అంటే మన జనానికి ఓపిక లేదన్న మాట అబద్ధం. మాట కావాలంటే మాట ఇద్దాం అనుకున్నాను. పల్లె పాటల్లో ఒక చరణం తీసుకుని, కింద హౌస్ నడక పెట్టి, చరణానికీ చరణానికీ మధ్య ముప్పై రెండు దెబ్బలు వదిలేవాణ్ని. మొదటి ఖాళీలో అరిచారు. రెండో ఖాళీలో చప్పట్లు కొట్టారు. మూడోసారి ఆ ఖాళీ కోసమే ఎదురుచూశారు. రెండు బేస్‌లతోనే. మేనల్లుడికి ఆరోజు చెప్పలేకపోయిన జవాబు ఇది.

పెట్టెల పందెం

మరి ఆరు పెట్టెలు ఎందుకు కొన్నావని అడగొచ్చు. పక్క ఊరి వాడు నాలుగు తెచ్చాడు కాబట్టి. పెండ్లివాళ్లు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఎన్ని బేస్‌లు?" అనే అయ్యింది. ఎట్లా వాయిస్తావని ఎవరూ అడగలేదు. 2011లో ఒకరితో పొత్తు కలిసి, అప్పు తెచ్చి ఆరు చేశాను.

ఇప్పుడు కరెంటు సామాన్లు అమ్ముతున్న మనిషిగా ఒక లెక్క చెప్తాను. ఆంప్లిఫయర్ పవర్ రెండింతలు చేస్తే చప్పుడు పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి అది కాస్త తేడా, అంతే. చెవికి రెండింతలుగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, పవర్ పది రెట్లు కావాలి. డబ్బు రెట్టింపైనా చప్పుడు కొంచెమే పెరుగుతుంది కాబట్టే ఈ పందేనికి అంతు లేదు. అదే 3 చెవి దగ్గర ఇంకోలా పనిచేస్తుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్స్‌లో 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమైపోతుంది. 88లో 4 గంటలు, 100కు చేరేసరికి 15 నిమిషాలు. డీసీఎం వెనక నిలబడి నాలుగైదు గంటలు వాయించేవాడి సంగతి మీరే ఊహించండి. నా ఎడమ చెవిలో ముప్పై ఎనిమిదో ఏట నుంచి సన్నటి కూత ఉంది. రాత్రి ఫ్యాన్ ఆగితే అదొక్కటే వినపడుతుంది.

2012లో నల్గొండలోనే ఒక ఇరుకు బస్తీలో బరాత్. ఎదురు గల్లీలో ఇంకో పెండ్లి, వాళ్లకు మాకన్నా పెద్ద సెట్. నా పొత్తుదారు మొత్తం తెరిచాడు. ఒక ముసలమ్మ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో సొట్టపడిన స్టీలు చెంబు. గోడ అదిరి అరలోని గిన్నెలన్నీ ఒక్కొక్కటే కింద పడుతున్నాయట. లోపల ఇరవై రోజుల పసిగుడ్డు ఉంది. ఆమె తిట్టలేదు. ఆ చెంబు నాకు చూపించి రెండు చేతులూ జోడించింది. నేను తగ్గించాను. కుర్రాళ్లు బండి ఎక్కి మళ్లీ పెంచారు. ఆమె నావైపే చూస్తూ నిలబడింది. తర్వాతి ఏడాది నా వాటా అమ్మేశాను.

కాబట్టి నిషేధాల వార్తలు చదివినప్పుడు నేను ఒక పక్షాన గట్టిగా నిలబడలేకపోతున్నాను. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు ఆపేశారు. చట్టం కొత్తది కాదు. 2000 నాటి నిబంధనల్లోనే నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని ఉంది. ఆ ముసలమ్మ గుర్తొస్తే నిషేధమే సరి అనిపిస్తుంది.

మళ్లీ ఇంకోటి గుర్తొస్తుంది. మా వైపు ఆడపిల్లలు, నడివయసు ఆడవాళ్లు నలుగురిలో మనసారా ఎగిరేది పెండ్లి బరాత్‌లోనే. పొలం పని చేసే అక్కలు చెంగు బిగించి, చెప్పులు పక్కన విడిచి, అత్తలూ మామలూ చూస్తుండగా ఆడటం నేను వందసార్లు చూశాను. పబ్బుకు పోగలిగినవాడికి నాలుగు గోడలున్నాయి, ఏసీ ఉంది, అద్దాల తలుపు ఉంది. వీళ్లకున్న డాన్స్ ఫ్లోర్ ఆ మట్టి గల్లీ ఒక్కటే. దాన్ని తీసేస్తే వీళ్లెక్కడికి పోవాలి? ఊరేగింపుల దగ్గర మొదలైన కోపం రేపు పెండ్లి బరాత్ మీదకు కూడా వస్తుందని నా భయం.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. హౌస్‌కు బేస్ కావాలి. ఆ దెబ్బ చెవికే కాకుండా పొట్టకు కూడా తగలాలి. చిన్న స్పీకర్లో అది సగం చచ్చిపోతుంది. షికాగో వాళ్లూ గట్టిగానే పెట్టుకున్నారు. కానీ అక్కడికి వచ్చినవాళ్లు కావాలని వచ్చారు. బస్తీలో పసిగుడ్డును ఎవరూ అడగలేదు. మూసిన హాలుకూ గల్లీకీ ఆ తేడా పాటించాలి. గల్లీలో తక్కువ చప్పుడుతో జనాన్ని పట్టుకోవడం చేతనైనవాడే అక్కడ వాయించాలి. చేతకానివాడు పెంచుతాడు. నేను చూసినంతలో వాల్యూమ్ ఎప్పుడు పెరిగినా పాట జారిపోతున్నప్పుడే పెరిగింది. నా చెయ్యి కూడా అలాగే పోయేది.

మామా అల్లుళ్ల ఒప్పందం

అక్కకు ఫోన్ చేసి చెప్పాను, వద్దని నేను చెప్పలేను అని. ముందు కోపం చేసుకుంది. "నువ్వే గిట్లంటే ఎట్ల తమ్మీ" అంది. డబ్బు మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దన్నాను. ఆరు నెలలు ప్రతి ఆదివారం వాణ్ని నా దగ్గరికి పంపమన్నాను. ఆ తర్వాత కూడా కొంటానంటే లక్ష నేనే సర్దుతానన్నాను. అది విన్నాక శాంతించింది.

వాడు మూడు ఆదివారాలుగా వస్తున్నాడు. గట్టుప్పల్ ఇంట్లోనే కూర్చుంటున్నాం. చిన్నాయన మగ్గం అమ్మేశారు, నాన్న మగ్గం ఇంకా ఉంది. దాని పక్కన బల్ల మీద పాత ప్లేయర్లు రెండు, మిక్సర్, ఒక హెడ్‌ఫోన్. స్పీకర్ ఒకటే, చిన్నది. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు నకిరేకల్‌లో ఉంటాడు, డప్పు కొడతాడు. వచ్చే నెల ఒకరోజు రమ్మని అడిగాను. ఎంత తీసుకుంటాడో ఆయన్నే చెప్పమన్నాను. డీజేకు ఇచ్చేదానికి తక్కువ కాకుండా ఇస్తానని చెప్పాను. సరే అన్నాడు.

మొదటి ఆదివారం వాడు చాలా విసుక్కున్నాడు. ఫోన్లో సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో బీట్లు కలిపేస్తుంటే ఇదంతా ఎందుకని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వేగం కలపడం మెషిన్ చేస్తే చెయ్యనీ, నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడు కలపాలో, ఎప్పుడు ఊరుకోవాలో అది చెప్పదు. ఎదురుగా ఉన్న కాళ్లు దానికి కనపడవు.

నిన్న మూడో ఆదివారం. మొదటి పాట నడుస్తోంది. రెండోది వాడి ఒక్క చెవిలో ఉంది. వేగం కుదిరింది, దెబ్బ మీద దెబ్బ పడుతోంది. ఆ సంగతి వాడి మొహంలో చూశాను. లెక్క పెట్టమన్నాను. పెదాలు కదులుతున్నాయి. వేలు మీట మీదే ఉంది. పక్క గదిలోంచి నాన్న వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు సరిగ్గా కనపడవు, వింటున్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడు.

ఇరవై ఎనిమిదో దెబ్బ దగ్గర వాడి వేలు ఆగలేదు.

"తొందరపడ్డడు" అన్నాడు నాన్న.

నేను రెండు పాటలనూ మొదటికి తెచ్చి పెట్టాను.